గేదె దాహానికి టైరు తొట్టి: కృష్ణా డెల్టాలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

వేసవిలో కాలువలు కట్టేశాక కృష్ణా డెల్టా పల్లెల్లో పశువుకు మంచినీళ్లు పెట్టడం పెద్ద పనే. 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చినా, ఇక్కడి మనుషులూ పశువులూ అదే నీటి మీద బతుకుతున్నారు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఒకవైపు, కొమ్మమూరు కాలువ మరోవైపు పారినన్నాళ్లు గేదెలు రేవులో దిగి తాగుతాయి. కాలువ ఆగితే ఊరి చెరువే దిక్కు. అది అడుగంటితే బోరు నీళ్లు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఆ బోరు నీళ్లలోనూ ఉప్పు ఎక్కువవుతుంది.

ఈ ఇబ్బందికి ఒక చవకైన మార్గంగా పాత ట్రాక్టర్ టైరును కోసి నీటి తొట్టిగా మార్చే పద్ధతి గురించి కొన్నేళ్లుగా వింటున్నాం. అమెరికా పశువుల క్షేత్రాల్లో ఇది బాగా స్థిరపడిన పద్ధతి. అక్కడి వ్యవసాయ శాఖ వారి ప్రకృతి వనరుల సంరక్షణ విభాగం టైరు తొట్లను ఆమోదిస్తుంది, వ్యవసాయ విస్తరణ విభాగాలు తయారీ సూచనలు ప్రచురిస్తాయి. మన దగ్గర కూడా పాత టైర్లకు కొదవ లేదు, పాడి పశువులకూ కొదవ లేదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు సుమారు 62 లక్షలు, ఆవులూ ఎద్దులూ కలిపి 46 లక్షలు, గొర్రెలు కోటీ 76 లక్షలు. అందుకని అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చుకుందామంటే కుదరదు. ఇక్కడి ఎండ, ఇక్కడి నేల, ఇక్కడి దోమ, ఇక్కడి చావిడి వేరు. ఈ వ్యాసం ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చి తూచే ప్రయత్నం. ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. తొట్టి దేనితో చేశామన్నదాని కంటే, అందులోకి ఏ నీళ్లు వస్తున్నాయి, ఆ నీళ్లను ఎన్నాళ్లకోసారి మారుస్తున్నాం అన్నదే పశువు ఆరోగ్యాన్ని తేలుస్తుంది.

గేదెకు ఎన్ని నీళ్లు కావాలి

పాలిచ్చే ముర్రా గేదె వేసవిలో రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీళ్లు తాగుతుంది. గేదె పాలలో 82 శాతం పైగా నీరే. లీటరు పాలు తయారు కావాలంటే ఒంటి అవసరాలకు పైన మరో మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. గేదెకు చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ, పైగా నల్లని చర్మం. అందుకే ఎండలో అది నీళ్లలో పడుకోవాలని చూస్తుంది. నీడా నీళ్లూ దొరకని గేదె మేత తగ్గిస్తుంది, ఎద సరిగా చూపదు, పాలు తగ్గుతాయి.

మేతను బట్టి కూడా దాహం మారుతుంది. డెల్టాలో వరి కోశాక చేలో పిల్లిపెసర, జనుము ఉన్నంతకాలం గేదెకు మేతలోనే బోలెడు నీరు అందుతుంది. పచ్చిమేతలో ఐదింట నాలుగు వంతులు నీరే. అది అయిపోయి గడ్డివాము లాగి వేసే రోజులు వచ్చేసరికి, అదే గేదె తినే మేతలో పదో వంతు మాత్రమే నీరు. అంటే మేతలో నీరు పడిపోయే నెలలూ, కాలువ కట్టేసే నెలలూ, ఎండ మండే నెలలూ ఒకటే. తొట్టి గురించి ఆలోచించాల్సింది ఆ మూడూ కలిసొచ్చే ఏప్రిల్, మే నెలల కోసం.

ఇప్పుడు చాలా ఇళ్లలో గేదెకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బకెట్లతో నీళ్లు పెడతారు. ఆ బకెట్లు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. నాలుగు గేదెలున్న ఇంట్లో రోజుకు మూడు వందల లీటర్లు చేత్తో మోయడం అంటే ఏమిటో మోసినవాళ్లకే తెలుసు. మోత కష్టం కాబట్టి నీళ్లు తగ్గుతాయి, నీళ్లు తగ్గితే పాలు తగ్గుతాయి. ఎప్పుడు దాహమైతే అప్పుడు తాగేలా తొట్టి నిండుగా ఉంటే పశువు తనకు కావలసినన్ని తాగుతుంది. తొట్టి వల్ల మొదటి లాభం ఇంటి ఆడవాళ్ల నడుముకు, రెండోది పాల క్యానుకు.

చెరువులో దిగి తాగితే వచ్చే చిక్కు

కాలువలో, చెరువులో పశువు దిగి తాగడం వందేళ్లుగా ఉన్నదే కదా, ఇప్పుడెందుకు వద్దంటున్నారు అని అడిగే రైతులు ఉంటారు. దానికి జవాబు నత్తలు. నిలవ నీటిలో బతికే నత్తల ద్వారా రెండు మూడు రకాల పరాన్నజీవులు పశువులకు సోకుతాయి. కార్జపు జలగ పశువు కాలేయాన్ని తినేసి రక్తహీనత, పారుడు, దవడ కింద నీరు చేరడం వంటి లక్షణాలు తెస్తుంది. గురక వ్యాధి కలిగించే జీవి నీళ్లలో దిగిన పశువు చర్మం గుండా లోపలికి చొరబడి, చివరకు ముక్కు లోపలి రక్తనాళాల్లో చేరుతుంది. ముక్కులో పువ్వులాంటి కండ పెరిగి, ఊపిరి తీస్తే గురక వినబడుతుంది. డెల్టా పశువైద్యులకు ఈ జబ్బులు బాగా పరిచయం. మందు వేస్తే తగ్గుతాయి, మళ్లీ అదే చెరువులో దిగితే మళ్లీ వస్తాయి.

దీనికి తోడు విజయవాడ నగరం మధ్యగా పోయే కాలువల్లో మురుగు కలుస్తోంది. నగరం దాటాక ఆ నీళ్లే పల్లెల రేవుల్లోకి వస్తాయి. ఊరి ఉమ్మడి చెరువుల్లో చేపల పెంపకం వచ్చినచోట పశువులకు రేవే లేకుండా పోయింది. ఇలా చూస్తే, చెరువు నుంచి నీళ్లు తోడి గట్టు మీద తొట్టిలో పోసి తాగించినా కొంత మేలే. పశువు బురదలో దిగదు, పేడ నీళ్లలో పడదు, నత్తలున్న ఒడ్డు తొక్కదు. మంచినీటి పథకం నీళ్లో, మంచి బోరు నీళ్లో అయితే ఇంకా మంచిది.

2025 వేసవిలో రాష్ట్ర ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో ఊళ్లలో పశువుల నీటి తొట్లు కట్టే పని చేపట్టడానికి కారణం కూడా ఇదే అవసరం. అవి సిమెంటు తొట్లు. ఆ పని మంచిది. అయితే ఊరి తొట్టి విషయంలో కట్టడం ఒక రోజు పని, నింపడం రోజూ చేయాల్సిన పని. పంచాయతీ కుళాయి నుంచి పైపు లేని తొట్టి, నింపే మనిషి ఎవరో తేలని తొట్టి రెండు నెలల్లో ఎండి, ఆకులతో నిండిపోతుంది. టైరు తొట్టికీ ఇదే షరతు వర్తిస్తుంది.

ఇప్పటికే ఉన్న తొట్లు

మన దగ్గర తొట్టి కొత్త వస్తువు కాదు. పాత లోగిళ్లలో రాతి తొట్టి ఉండేది. ఆ తర్వాత సిమెంటు గాబు వచ్చింది. బావి వరల అచ్చుతోనే పోసి, అడుగు కట్టిన గుండ్రటి గాబులు ప్రతి ఊరి దగ్గరా వరలు పోసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. కుడితి పోసుకోవడానికి చాలా ఇళ్లలో అదే. ఈ మధ్య ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా సగానికి కోసి వాడుతున్నారు. పాత టైరు ట్యూబు, రబ్బరుతో కుట్టిన తట్టలూ గంపలూ మేత మోయడానికీ, ఇసుక ఎత్తడానికీ ఎప్పటి నుంచో ఉన్నాయి. అంటే టైరును కోసి పాత్రగా మలచడం మన చేతిపనివాళ్లకు తెలిసిన విద్యే. కొత్తదల్లా ట్రాక్టర్ వెనక టైరును మొత్తంగా తొట్టిగా వాడటమే.

గాబుకు రెండు బలహీనతలు. డెల్టాలో నల్లమట్టి వేసవిలో బీటలు తీసి, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు నేల మీద పెట్టిన సిమెంటు పగుళ్లిచ్చి కారుతుంది. నాగాయలంక, అవనిగడ్డ, కృత్తివెన్ను వంటి ఉప్పునీటి ప్రాంతాల్లో సిమెంటు లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము తేలిక కాబట్టి గేదె కొమ్ము తగిలితే ఒరిగిపోతుంది, ఎండకు పెళుసెక్కి పగులుతుంది. పైగా ఆ డ్రమ్ములో ఇంతకుముందు ఏ రసాయనం ఉండేదో తెలియని ప్రమాదం పెద్దది. టైరుకు పగుళ్లు, తుప్పు, పెళుసుదనం లాంటి చిక్కులు లేవు. నేల కదిలితే వంగుతుంది, తుప్పు పట్టదు, గేదె తన్నినా పగలదు.

టైరు ఎక్కడి నుంచి వస్తుంది

విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల లారీ, ట్రాక్టర్ పనిముట్లన్నీ దొరుకుతాయి. టైరు బటన్ అరిగితే ముందు రీబటన్ వేయిస్తారు. అది కూడా అరిగి, లోపలి నైలాను పొర బయటపడ్డాక ఆ టైరు ఇక రోడ్డుకు పనికిరాదు. అప్పుడు అది రబ్బరు పొడి చేసే కర్మాగారానికో, నూనె తీసే పైరాలిసిస్ కర్మాగారానికో, ఇటుక బట్టీ పొయ్యిలోకో పోతుంది. భోగి మంటల్లో టైర్లు వేయవద్దని ఏటా అధికారులు చెబుతూనే ఉన్నారు. బహిరంగంగా కాల్చిన టైరు నుంచి వచ్చే నల్లటి పొగలో ఊపిరితిత్తులకు, రక్తానికి హాని చేసే పదార్థాలు ఎన్నో.

కేంద్ర పర్యావరణ శాఖ 2022 జూలై 21న పాత టైర్ల మీద కొత్త నిబంధనలు ప్రకటించింది. టైర్లు తయారుచేసేవాళ్లూ, దిగుమతి చేసుకునేవాళ్లూ, అంతకు రెండేళ్ల ముందు తాము మార్కెట్లోకి తెచ్చిన పరిమాణానికి సరిపడా పాత టైర్ల పునర్వినియోగం బాధ్యత మోయాలి. మొదటి ఏడు 35 శాతం, రెండో ఏడు 70 శాతం, 2024-25 నుంచి పూర్తిగా. దీనివల్ల పాత టైరుకు ధర పెరిగే అవకాశం ఉంది. రైతు దృష్టిలో చూస్తే ఊరికే దొరుకుతుందనుకున్న టైరుకు డబ్బు పెట్టాల్సి రావచ్చు. అందుకే ఈ పద్ధతి గురించి చెప్పేటప్పుడు, టైరు ఉచితం అనే లెక్క వేయకూడదు. సొంత ట్రాక్టర్‌కు మార్చిన టైరు ఇంట్లోనే పడి ఉంటే అది నిజంగా చవక. కొని, బండికెక్కించి తెచ్చుకుని, కోత కూలి, సిమెంటు ఖర్చు పెడితే గాబు ధరకు దగ్గరగా వస్తుంది. అప్పుడు ఎంచుకోవాల్సింది ధరను బట్టి కాదు, నేలను బట్టి, నీళ్లను బట్టి.

ఏ టైరు, ఎంత నీరు

మన పొలాల్లో తిరిగే 35-45 అశ్వశక్తి ట్రాక్టర్ల వెనక చక్రాలకు ఎక్కువగా 13.6-28 సైజు టైర్లు ఉంటాయి. పెద్ద ట్రాక్టర్లకు 14.9-28, 16.9-28. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. 13.6-28 టైరును నేల మీద పడుకోబెడితే ఎత్తు సుమారు 34 సెంటీమీటర్లు, అడ్డకొలత 130 సెంటీమీటర్ల చుట్టుపక్కల. పైపక్కను కోసి, అడుగున కాంక్రీటు పోశాక 250-300 లీటర్లు పడతాయి. అంటే నాలుగు గేదెలకు రోజుకు ఒకసారి పూర్తిగా, ఎండ ఎక్కువైతే మరికొంత నింపాలి. 16.9-28 టైరు అయితే దాదాపు 450 లీటర్లు పడతాయి.

గుండ్రటి తొట్టి చుట్టుకొలత నాలుగు మీటర్లు. గేదెకు ముప్పావు మీటరు చొప్పున ఇస్తే ఐదారు ఒకేసారి తాగొచ్చు. కానీ ఇది విడిగా తిరిగే పశువుల లెక్క. డెల్టా చావిళ్లలో గేదెలను వరసగా రాటలకు కట్టేస్తారు. అక్కడ గుండ్రటి తొట్టి రెండు గేదెలకే అందుతుంది. చావిడిలో పొడుగు సిమెంటు తొట్టికి సాటి లేదు. టైరు తొట్టికి సరైన చోటు ఆరుబయట దొడ్డి, మందను తోలుకెళ్లే దారి, పొలం గట్టు మీది మోటారు దగ్గర.

ఎత్తు సంగతి కూడా చూడాలి. పెద్ద గేదె తొట్టి అంచు 50-60 సెంటీమీటర్లు ఉంటే సౌకర్యంగా తాగుతుంది. టైరు 34 సెంటీమీటర్లే. కాబట్టి పాతిక సెంటీమీటర్ల ఇటుక దిమ్మె కట్టి దాని మీద పెట్టాలి. గొర్రెలకు, మేకలకు, దూడలకు అయితే నేల మీద పెట్టినా సరిపోతుంది. నిజానికి ట్రాక్టర్ టైరు ఎత్తు చక్కగా అమరేది గొర్రెల మందకే. ఊళ్లు మారుతూ మేపుకునే గొర్రెల కాపరులకు దారి పొడుగునా నీటి తావులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో, ఈ తొట్టి వారికి ఎక్కువ ఉపయోగం.

కోత, కాంక్రీటు

పని మొదలు పెట్టేముందు టైరును చూసుకోవాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. మన ట్రాక్టర్ టైర్లలో ఎక్కువ భాగం నైలాను దారాల పొరలతో చేసినవి. రిమ్ముకు పట్టే అంచులో తప్ప వాటిలో ఉక్కు తీగ ఉండదు. లారీ రేడియల్ టైర్లలో బటన్ కింద సన్నని ఉక్కు తీగలుంటాయి. అలాంటి టైరును కోస్తే తీగ కొసలు బయటికొస్తాయి. పశువు నాలుకకు గుచ్చుకోవడం ఒక్కటే కాదు, విరిగిన తీగ ముక్క మేతతోనో నీళ్లతోనో లోపలికి పోతే రెండో జీర్ణాశయాన్ని చీల్చి గుండె పొరను చేరగలదు. బ్రిటన్‌లో పాతర గడ్డి మీద బరువుకు పెట్టిన పాత టైర్లు చివికి, రాలిన తీగల వల్ల పశువులు ఇలా చనిపోయాయి. కాబట్టి నైలాను టైరే తీసుకోవాలి. పైపొర చివికి తీగ కనబడుతుంటే వదిలేయాలి.

టైరును సోడా పొడి వేసిన నీళ్లతో, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. పొలంలో తిరిగిన టైరు కాబట్టి పురుగుమందు, ఎరువు, గ్రీజు అంటి ఉంటాయి. తర్వాత పడుకోబెట్టి, పైపక్క మీద, బటన్ భుజానికి నాలుగు వేళ్ల దూరంలో సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తారు. మొదట గీత మీద డ్రిల్లుతో రంధ్రం చేసి, అందులోంచి పదునైన కత్తి దించి, సబ్బు నీళ్లు పోస్తూ కోస్తారు. రబ్బరు కత్తిని పట్టేస్తుంది. సబ్బు నీళ్లు పోస్తే జారుతుంది. ఒకరు కోస్తుంటే మరొకరు కోసిన అంచును పైకి లాగి పట్టుకుంటే కోత తెరుచుకుంటుంది, కత్తి బిగుసుకోదు. మొత్తం పక్క ఊడి వచ్చాక, రిమ్ము అంచు దానితోనే పోతుంది. మిగిలిన అంచును ఉప్పు కాగితంతో గానీ, గ్రైండరుతో గానీ నున్నగా రాయాలి. గేదె మెడ రోజూ ఆ అంచు మీదే ఆనుతుంది.

పైపక్కను పూర్తిగా తీయాలనే నియమం అలంకారం కోసం కాదు. సగం తీసి వదిలితే లోపలి మడతలో నీళ్లు నిలుస్తాయి, చెయ్యి అందదు, చీపురు అందదు. నాచు పట్టేదీ దోమ పెట్టేదీ అక్కడే.

కింది పక్కలో 28 అంగుళాల రంధ్రం ఉంటుంది. దాన్ని మూయడమే అసలు పని. చదును చేసి నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టిన ఇసుక మీద, లేదా ఇటుక దిమ్మె మీద పొడి కాంక్రీటు పొర ఒకటి వేసి, దాని మీద టైరును పెట్టాలి. రబ్బరుకూ సిమెంటుకూ అతుకు ఉండదు. అందుకే రంధ్రం అంచులో ఉన్న తీగచుట్టను కాంక్రీటు కింద నుంచీ పై నుంచీ పట్టుకునేలా పోయాలి. అంచుకు చుట్టూ జానెడు దూరంలో రంధ్రాలు వేసి, పొట్టి బోల్టులు బిగించి, అవి కాంక్రీటులో మునిగేలా చేస్తే పట్టు బిగుస్తుంది. కాంక్రీటు పోసే ముందే కింద నుంచి రెండు పైపులు పెట్టుకోవాలి. ఒకటి నీళ్లు వచ్చేది, రెండోది మొత్తం నీళ్లు వదిలేసేది. చాలామంది మొదటిది పెడతారు, రెండోది మర్చిపోతారు. అడుగున తూము లేని తొట్టిని ఎవరూ కడగరు. మూడు వందల లీటర్లను చెంబుతో తోడి పోసే ఓపిక ఎవరికీ ఉండదు.

వారం, పది రోజులు తడుపుతూ కాంక్రీటు ఆరనివ్వాలి. తర్వాత నీళ్లు నింపి వదిలేయడం రెండు మూడు సార్లు చేయాలి. కొత్త సిమెంటు నీటిలోని ఘాటు, కొత్తగా కోసిన రబ్బరు నుంచి వచ్చే పదార్థాలు ఆ నీళ్లతో పోతాయి. తొట్టి చుట్టూ మీటరున్నర మేర గుండురాళ్లో, కంకరో పరచకపోతే పశువులు తొక్కి బురద చేస్తాయి. ఆ బురదలో గిట్టలు నానితే కుంటు వస్తుంది.

దోమ

టైరు అనగానే మున్సిపాలిటీ ఆరోగ్య సిబ్బంది ముఖం చిట్లించడంలో న్యాయముంది. డెంగీ మోసే ఈడిస్ దోమ పాత టైరులో నిలిచిన నీటిని ఇష్టపడుతుంది. ఈ రకం దోమల్లో కొన్ని ఖండాలు దాటడంలో పాత టైర్ల వ్యాపారం పాత్ర ఉంది. ఈడిస్ రకానికే చెందిన ఆసియా పులిదోమను 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో గుర్తించినప్పుడు అది దిగుమతి టైర్లలో వచ్చిందని తేలింది. గుడ్డు నుంచి దోమ ఎగిరే దాకా వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. గుడ్లు నీటి అంచు మీద గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి.

అందుకే వారానికి ఒక రోజు నీళ్లు పూర్తిగా వదిలేసి, గోడను చీపురుతో గట్టిగా రుద్ది, ఎండనిచ్చి మళ్లీ నింపాలి. శుక్రవారం డ్రై డే అని ఊళ్లలో చెబుతున్న నియమం తొట్టికి కూడా వర్తిస్తుంది. నీళ్లు వదిలేస్తే చాలదు, రుద్దడమే ముఖ్యం. పశువులు రోజూ ఖాళీ చేసే తొట్టిలో దోమ పెరగదు. పశువులు అమ్మేసి, తొట్టి వదిలేసిన ఇంట్లోనే ప్రమాదం. వాడకం ఆగినరోజే తూము తెరిచి ఉంచాలి, వీలైతే అడుగున ఇంకో రంధ్రం పొడవాలి.

రబ్బరులోని రసాయనాలు

టైరు అంటే రబ్బరు ఒక్కటే కాదు. నల్లమసి, గంధకం, జింకు ఆక్సైడు, నూనెలు, రబ్బరు చెడకుండా కాపాడే రసాయనాలు కలిసి ఉంటాయి. ఆ రసాయనాల్లో ఒకటి గాలిలోని ఓజోనుతో కలిసి మారిన రూపం వాననీటిలో కొట్టుకుపోయి, అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఈ వార్త చదివాక టైరు నీళ్లు తాగించవచ్చా అని రైతు భయపడటం సహజం.

ఈ భయాన్ని రెండు భాగాలుగా చూడాలి. చేపకు ప్రమాదమైనదంతా గేదెకు ప్రమాదం కాదు. చేపల్లోనే జాతికో రకంగా ప్రభావం ఉంటుంది. పొడి చేసిన రబ్బరు నుంచి వచ్చేదాని కంటే ముక్కలు కాని టైరు గోడ నుంచి వచ్చేది చాలా తక్కువ, మొదటి వారాల తర్వాత అది ఇంకా తగ్గుతుంది. నీళ్లలోకి ఎక్కువగా దిగేది జింకు. పశువుల తాగునీటిలో జింకు లీటరుకు 20-25 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని ప్రమాణాలు చెబుతాయి. రోజూ మారే నీళ్లలో అంత చేరడానికి వ్యవధి ఉండదు. అలా అని పూర్తిగా నిశ్చింతగా ఉండటం కూడా తగదు. మన డెల్టాలో తొట్టి నీళ్లు చేపపిల్లల గుంటలోకి వదలకూడదు. చేప పిల్లల కోసం టైరు తొట్టి వాడకూడదు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త కుడితి గురించి. కడుగునీళ్లు, గంజి, తవుడు, తెలగపిండి కలిపిన కుడితి కొన్ని గంటల్లోనే పులుస్తుంది. ఆ పులుపు రబ్బరు నుంచి జింకును, ఇతర లోహాలను లాగుతుంది, సిమెంటును కూడా తింటుంది. తెలగపిండిలోని నూనె రబ్బరులోని నూనె పదార్థాలను కరిగించుకుంటుంది. కాబట్టి టైరు తొట్టిలో నీళ్లు తప్ప ఏమీ పోయకూడదు. కుడితికి గాబో, స్టీలు బేసినో వేరుగా ఉండాలి. అమెరికా సూచనల్లో కుడితి మాటే ఉండదు కాబట్టి ఈ హెచ్చరికా ఉండదు. ఇక్కడ మాత్రం మొదటే చెప్పాలి.

ఎండ, ఉప్పు

చలి ప్రాంతాల్లో టైరు తొట్టిని మెచ్చుకోవడానికి పెద్ద కారణం గడ్డకట్టే నీరు. సిమెంటు తొట్టి మంచుకు పగులుతుంది, టైరు పగలదు. నల్లటి రబ్బరు ఎండను పీల్చి నీళ్లను కొంచెం వెచ్చగా ఉంచుతుంది. విజయవాడలో ఈ గుణం దోషం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, 45 డిగ్రీల ఎండలో నల్లటి టైరులోని నీళ్లు మధ్యాహ్నానికి పశువు మూతి పెట్టనంత వేడెక్కుతాయి. చల్లటి నీళ్లు దొరికితే గేదె ఎక్కువ తాగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. అందుకే వేప, రావి, మర్రి నీడలోనో, తాటాకు పందిరి కిందనో పెట్టని టైరు తొట్టి ఇక్కడ సగమే పని చేస్తుంది. బయటి గోడకు సున్నం పూసినా కొంత మేలు. పశువైద్యులు తొట్టి లోపల పదిహేను రోజులకోసారి సున్నం వేయమంటారు. సిమెంటు అడుగుకు అది బాగా పడుతుంది, రబ్బరు గోడకు నిలవదు. కాబట్టి గోడకు రుద్దడమే శరణ్యం.

ఉప్పునీటి విషయం సముద్రం పక్క మండలాల వాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. లీటరు నీటిలో కరిగిన లవణాలు 3,000 మిల్లీగ్రాముల లోపు ఉంటే పశువుకు ఫరవాలేదు. 5,000 దాటితే పాలిచ్చే, చూడి పశువులకు మంచిది కాదు. 10,000 దాటిన నీళ్లు పెట్టకూడదు. ఎండకు తొట్టిలోని నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గినంత మేర పైన పోస్తూ పోతే రోజురోజుకీ ఉప్పు చేరుతుంది. ఫ్లోట్ వాల్వ్ పెట్టి, ఎప్పుడూ నిండుగా ఉంచి సంబరపడేవాళ్లకు ఇదే హెచ్చరిక. వాల్వ్ నీళ్లు నింపుతుంది, తొట్టిని కడగదు.

వరదలో

కృష్ణా డెల్టాలో నీళ్లు లేని రోజుల కష్టం ఎంతో, నీళ్లు ముంచెత్తిన రోజుల కష్టమూ అంతే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మనుషులతో పాటు లక్షల పశువులు పోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో చాలా భాగం మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దాటింది. లంక గ్రామాల పశువులు కరకట్ట మీదకు చేరాయి. చుట్టూ నీళ్లే, కానీ అది తాగదగ్గ నీరు కాదు. కళేబరాలు, మురుగు, పురుగుమందు కలిసిన ఆ నీళ్లు తాగిన పశువులకు విరేచనాలు, గొంతువాపు, ఇంకా ఎన్నో జబ్బులు.

ఇలాంటి వేళల్లో టైరుకు ఇంకో పని ఉంది. రెండు పక్కలూ కోసేసిన టైరు ఉంగరాన్ని కరకట్ట మీద పెట్టి, లోపల మందపాటి టార్పాలిన్ పరిస్తే నిమిషాల్లో రెండు వందల లీటర్ల తొట్టి తయారవుతుంది. ట్యాంకరుతో వచ్చిన మంచినీళ్లు అందులో పోయవచ్చు. పని అయ్యాక టార్పాలిన్ మడిచి పెట్టవచ్చు. కరకట్ట వెంట పశువులు చేరే చోట్ల పంచాయతీలు వర్షాకాలానికి ముందే పదేసి ఉంగరాలు కోయించి పెట్టుకుంటే మంచిది. దీనికి కాంక్రీటు కూడా అవసరం లేదు.

తీర్పు

ఇంటి చావిడిలో రెండు మూడు గేదెలు కట్టేసుకునే రైతుకు ఎప్పటిలాగే గాబు, పొడుగు సిమెంటు తొట్టి చాలు. ఆయన టైరు కోసం పరుగెత్తాల్సిన పని లేదు. విడి దొడ్డిలో పది పశువులు పెట్టుకున్నవాళ్లకు, సిమెంటు నిలవని నల్లమట్టి, ఉప్పు నేలల్లోని వాళ్లకు, గొర్రెల మందలు వచ్చిపోయే దారులకు, కరకట్టలకు టైరు తొట్టి నిజంగా పనికొస్తుంది. అక్కడ కూడా అది నీడలో ఉండాలి, పైపక్క పూర్తిగా కోసి ఉండాలి, అడుగున తూము ఉండాలి, కుడితి పోయకూడదు, వారానికోసారి రుద్ది కడగాలి. ఈ ఐదింటిలో ఏది తప్పినా, చెరువులో దిగి తాగే పశువుకు ఎదురయ్యే కష్టాన్ని తొట్టిలోకి మార్చినట్టే అవుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి రెండు చిన్న పనులు చేయదగినవి. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు ఊరికో తొట్టి ముందు నిలబెట్టి, కోత, కాంక్రీటు, కడగడం చేసి చూపితే రైతులు చూసి నేర్చుకుంటారు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల డెల్టా ఎండలో, డెల్టా నీటితో టైరు తొట్టి నీళ్లను నెలనెలా పరీక్షించి, జింకు, లవణాలు, వేడి ఎంతో అంకెల్లో ప్రకటిస్తే, ఊహల మీద నడిచే వాదనలు ఆగుతాయి. పరాయి దేశపు అంకెలతో మన గేదెకు భరోసా ఇవ్వడం ఎంత తప్పో, పరాయి దేశపు భయాలతో పనికొచ్చే వస్తువును పారేయడమూ అంతే తప్పు.

పాలు పోసే చోట లీటరుకు ఎంత వెన్న శాతమో రైతులందరికీ తెలుసు. ఆ లీటరు పాలకు తమ గేదె ఎన్ని లీటర్ల మంచినీళ్లు తాగిందో చాలామంది లెక్క చూడరు. ఈ వేసవికి ముందు ప్రతి పాడి రైతు కాలువ కట్టేసిన రోజు తన పశువు ఎక్కడ నీళ్లు తాగుతుందో చూసుకోవాలి. చెరువు గట్టునో, మురుగు కలిసిన కాలువ రేవునో తాగుతుంటే, ఏ తొట్టి అయినా సరే, ముందు ఒక తొట్టి పెట్టాలి. అది రాతిదా, సిమెంటుదా, టైరుదా అనేది ఆ తర్వాత ఆలోచించాల్సిన సంగతి.